పాప ఎంచుకున్న మేకపోతు పిల్ల

ఆ పొద్దున నేను నోరు మూసుకొని ఉంటే మేకపోతు పిల్ల బతికేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా.

మా పాపకు ఆటిజం. ఆరేళ్లు నిండినా మాట రాలేదు. మిక్సీ తిరిగినా, వీధిలో లారీ హారన్ కొట్టినా చెవులు మూసుకొని తలను గోడకేసి కొట్టుకునేది. ఒక జంతువును తోడుగా పెంచి చూడమంది వేలూరు డాక్టరమ్మ. ఎంచుకునేది మాత్రం పాపే కావాలని తమిళంలో రెండుసార్లు చెప్పింది.

ఆ రోజే వేలూరులో కుక్కపిల్లలు అమ్మే అంగడికి పోయాం. ఒకటి మొరిగితే అన్నీ అందుకున్నాయి. పాప నేల మీద పడి పొర్లింది. మూగిన జనం నన్ను చూశారు, నేనేదో పిల్లను కొట్టినట్టు. కుందేళ్లను చూపిస్తే వాటి గూటి గడియతో ఆడుకుంది, అంతే. బస్సు మా ఊరు గుడియాత్తం చేరేదాకా నాకు ఏడుపు ఆగలేదు.

మరుసటి వారం కూరగాయలకని మా అత్తతో సంతకు పోయాం. పాప నా చెయ్యి విడిపించుకొని పోయి, ఒక నల్ల మేకపోతు పిల్ల మెడకు నుదురు ఆనించింది. అది కదలలేదు. అంత రద్దీలో మా పాప చెవులు మూసుకోలేదు! కూరగాయల సంగతే మరిచి దాన్ని ఇంటికి తోలుకొచ్చాం.

నాలుగు నెలలు ఇల్లు ఇల్లులా ఉంది. పాప తల కొట్టుకోవడం దాదాపు మానేసింది. దాని పొట్టకు వీపు ఆనించి నిద్రపోయేది. ఒక పొద్దున పెరట్లో దానికి అవిసాకు చూపిస్తూ "రా" అంది. స్పష్టంగా అంది! చేతిలో చెంబు పారేసి, "అత్తా, పాప మాట్లాడింది!" అని వీధంతా వినేటట్టు అరిచాను.

పాపకు మూడేళ్లప్పుడు గంగమ్మ గుడిలో మొక్కుకున్నది నేనే, బిడ్డకు మాట వస్తే పోతును బలి ఇస్తానని. నేను మరిచాను. అత్త మరవలేదు.

"మొక్కు తీర్చాల గదమ్మా. పోతు ఇంట్లోనే ఉండాది," అనింది ఆ సాయంత్రం.

"ఇంకోటి కొనిద్దాం అత్తా. ఇది పాపది గదా."

"ఇంట్లో దాన్ని కట్టేసుకొని సంతలోది ఇస్తే అమ్మోరికి తెలీదా? బిడ్డకిచ్చిన మాట ఆయమ్మ ఎనక్కి తీసుకునేస్తే యాడికి పోతావు?"

ఆమె చెడ్డది కాదు. పాప కోసం ఎన్ని ఒక్కపొద్దులున్నదో నాకు తెలుసు. చెబుతూ తనే ఏడ్చింది. చదువుకున్నదాన్ని, సిగ్గుచేటు, నేనూ భయపడ్డాను. ఆ ఒక్క మాటా పోతే? సరేనన్నాను. ఆదివారం మా ఆయన పాపను బస్సులో ఆర్కాడు దాకా తిప్పుకొచ్చాడు. అంతలో అయిపోయింది. బంధువులు తిన్నారు. ఈ చేతులతోనే వడ్డించాను.

డాక్టరమ్మ అడిగితే జ్వరమొచ్చి చచ్చిపోయిందన్నాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఇంకోదాన్ని ఎంచుకోనివ్వండి అందామె. ఏ మొహం పెట్టుకొని ఎంచుకోమనేది పిల్లను?

పాప మళ్లీ తల గోడకేసి కొట్టుకుంటోంది. మాట మాత్రం పోలేదు. రోజూ పెరట్లో ఖాళీ గుంజ దగ్గర నిలబడి "రా, రా" అంటుంది. నేను దగ్గరికి పోతే ఆపేసి లోపలికి వెళ్లిపోతుంది.