మాటలు లేని పెంపుడు తల్లి

దత్తత మీద నాటిక రాసివ్వమని రాజమండ్రి నాటక సమాజం వాళ్ళు అడిగితే ఎగిరి గంతేశాను. నేనే దత్తత వెళ్ళినదాన్ని కదా, నాకంటే బాగా ఎవరు రాస్తారని పొగరు. ఇలాంటి నాటకాల్లో పాత పెట్టెలో ఫొటో దొరకడం, నిజం తెలిసి పిల్ల కుప్పకూలడం చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఇంట్లో ఏ రహస్యమూ లేదు. నన్ను కన్నది మా అమ్మ చెల్లెలు. ఆవిడను పిన్ని అంటాను. మూడో ఆడపిల్లగా పుట్టిన నన్ను, పిల్లలు లేని అక్కకు ఇవ్వాలని తాతగారు నిర్ణయించారు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ సంగతి నాకు తెలుసు.

అంతా తెలిసినదాన్ని, తీరా కూర్చుని రాస్తే నా నాటికలోనూ అదే ఏడుపు. ఆఖరి రంగంలో పిల్ల కన్నతల్లి దగ్గరికి పరుగెత్తుతుంది, తెర పడుతుంది. చప్పట్లు ఖాయం అనుకున్నాను.

రామచంద్రపురంలో మా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని అమ్మకు మొత్తం చదివి వినిపించాను. అమ్మ బెండకాయలు తరుగుతూ వింది.

"బాగుందే. ఆ పెంచినావిడ కాఫీ తేవడం తప్ప ఇంకేం మాట్లాడదా?" అంది.

కాగితాలు తిరగేశాను. నిజమే. పెంచిన తల్లికి మూడంటే మూడే మాటలు. సిగ్గుతో చచ్చిపోయాను. "సరే, ఏం మాట్లాడాలో నువ్వే చెప్పు," అన్నాను.

అప్పుడు చెప్పింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని సంగతి. దత్తహోమం రోజున నేను ఆకలికి గుక్కపట్టి ఏడుస్తున్నానట. అప్పటికే పిన్నీ బాబాయీ నన్ను అమ్మ ఒడిలో పెట్టేశారు. గోత్రం మారిపోయింది. అమ్మ నన్ను తీసి మళ్ళీ పిన్ని చేతికిచ్చింది. పంతులుగారు కంగారుపడి, "ఇచ్చేసిన బిడ్డను వెనక్కి ఇవ్వకూడదమ్మా," అన్నారు.

"ఆకలికి గోత్రమేంటండి, ముందు పాలు తాగనివ్వండి," అంది అమ్మ.

పిన్ని నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకుంది.

"మళ్ళీ ఇస్తుందో ఇవ్వదో. ఇవ్వకపోతే మాత్రం అడగకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. ఆ తలుపు వంకే చూస్తూ కూర్చున్నానే. మీ పిన్నిది దొడ్డ మనసు. నీ మూతి తుడిచి తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టింది. ఇవ్వమన్నది మీ తాతగారు. ఇచ్చింది మాత్రం అదే," అంది అమ్మ.

ఒకరినొకరు అంతగా నమ్ముకున్న ఇద్దరి చేతుల మీదుగా పెరిగాను. నా అంత అదృష్టవంతురాలు ఎవరుంటారు అనిపించింది.

అమ్మ బెండకాయల పళ్ళెం పక్కకు జరిపింది. "ఇందాక నువ్వు ఆఖరి పేజీ చదువుతుంటే మళ్ళీ ఆ తలుపు ముందే కూర్చున్నట్టుందే," అంది.

ఆ పేజీ చింపబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది. "నా కోసం మార్చకు. జనం మెచ్చేలా రాసుకున్నావు, ఉండనీ."

"నీ కోసం కాదమ్మా. ఈ పిల్లెవరో నాకు తెలీదు. నేనైతే ఎక్కడికీ వెళ్ళను," అన్నాను.

అమ్మ నా చెయ్యి వదిలింది.

"అయితే చింపు," అంది.