పత్తికట్టె వాములో నిద్ర

నేను కళ్లారా చూసింది ఎండిన పత్తికాయలో ముడుచుకున్న గులాబీరంగు పురుగును మాత్రమే. పంట పోయిందన్నది ఆయన మాట. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆ నల్లగొండ జిల్లా కౌలురైతు కాయను జేబులోంచి తీసి చూపాడు.

"సచ్చింది సార్. పొయ్యిలకని కట్టెంత ఇంటెన్క వామేసినం. వచ్చే వానకాలం గూడ పంట పోతే అడ్డా మీద కూలికి నిలబడుడే."

"చావలేదు, నిద్రలో ఉంది. ఎదిగే హార్మోను ఊరమని మెదడు చెప్పేదాకా అలాగే ఉంటుంది. వానలకు లేచి, రెక్కల పురుగై మీ చేనుకే వస్తుంది. ఆ కట్టె కాల్చేయండి."

నమ్మక, గోటితో నొక్కాడు. పురుగు మెదిలింది.

"నిరుడు గూడ గట్లనే వామేసినం సార్," అన్నాడు మెల్లగా.

ఎల్బీనగర్‌లో దిగిపోయాడు. ఆయన పంటను తిన్నది ఆయన నిరుటి వాములోని పురుగేనా? చెప్పలేను. పక్క చేల నుంచీ అది రాగలదు. నేను ఊరి పేరైనా అడగలేదు.