కంబళి తొక్కిన కాళ్ళు

కుప్పం నుంచి మదనపల్లెకు నేను కాలినడకన వచ్చాను. బడిలో ఇంగ్లిష్ చెప్పినన్నాళ్ళూ ప్రతి తరగతికీ ఈ సంగతి చెప్పాను. దారిలో చిరుతపులి ఎదురైతే అదే పక్కకు తప్పుకుందని కూడా చెప్పాను. అంత నడిచిన నా చెప్పుల్ని మొన్న నా కూతురు దాచిపెట్టింది.

ఆ పొద్దున వాకింగుకు వెళ్ళినప్పుడు టమోటా మార్కెట్టు దగ్గర కాలు జారింది. పడ్డానని అందరూ అంటారు. నేను కూర్చున్నాను, అంతే.

"నాయనా, ఇంగ వాకింగు లేదు. డాక్టరమ్మ సెప్పింది యినలేదా?"

"జాగర్త అనింది. వద్దని యాడనింది?"

"మళ్ళా పడితే ఎవురెత్తాల? ఈ గోడకాణ్ణించి ఆ గోడకాడికి తిరుగు, సాలు."

నేనేమన్నా గానుగెద్దునా? నాకు రోషం వచ్చింది. రోషం వస్తే నాకు పాఠం వస్తుంది. వాక్ అనే ఇంగ్లిష్ మాటకు మొదట్లో నడవడమనే అర్థమే లేదన్నాను. దొర్లడం, అలలాగా ఎగసిపడడం దాని అసలు అర్థం. తర్వాత ఉన్నిబట్టను నీళ్ళలో వేసి, కాళ్ళతో తొక్కి చిక్కబరిచే పనికి ఆ మాట వాడారు. ఆ పని చేసేవాడే వాకర్. షికార్లకు అది వచ్చింది ఆ తర్వాతే.

"అట్లనా? అయితే ఆ పనే సెయ్యి. పుంగనూరు కంబళి తొట్లో నానతా ఉండాది. తొక్కే దిక్కు లేదు."

ఎగతాళికే అంది. నేను పంచె ఎగ్గట్టాను.

నానిన కంబళిని చేత్తో ఉతకలేం. మా ఇళ్ళల్లో ఇద్దరు తొట్లో దిగి, ఎదురెదురుగా నిలబడి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తొక్కుతారు. ఒంటరిగా ఎవరూ దిగరు. నేను దిగాను. కుంకుడు నురుగు మోకాళ్ళ దాకా లేచింది. గట్టిగా నాలుగు తొక్కులు తొక్కేసరికి కంబళి కాళ్ళ కింద దొర్లింది. కొళాయిని పట్టుకుని, పట్టుకోలేదన్నట్టు నిలబడ్డాను.

కూతురు చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎదురుగా దిగింది. నా భుజాలు పట్టుకుంది.

"కాళ్ళల్లో బలం ఉండాదిలే. నిజం సెప్పు నాయనా, కుప్పం నుంచి నడిచే వచ్చినావా?"

"పుంగనూరు దాకా లారీ."

"ఆడ్నించి?"

"సగం దూరం ఎద్దులబండి."

"పులి?"

"కుక్క."

"అదన్నా తప్పుకునిందా?"

"నేనే తప్పుకున్నా."

నవ్వు ఆపుకోలేక ఆమే జారబోయింది. నేను పట్టుకున్నాను. ఇది మాత్రం కల్పించి చెప్పడం లేదు.

మర్నాడు పొద్దున గడప దగ్గర నా చెప్పులున్నాయి. పక్కనే ఆమెవీ ఉన్నాయి.

"భుజం పట్టుకో నాయనా."

"తొట్లో పట్టుకుంటా. రోడ్డు మీద పట్టుకోను. రావాలనుంటే ఎనక రా."

ఆమె వెనకే వచ్చింది. మార్కెట్టు దగ్గర నేను కూర్చున్న చోటు రాగానే కొంచెం వేగం పెంచాను.