తిన్నింట్లో లెక్క అడగొద్దన్న అండాలక్క

మొన్న వానకు తడిసిన గొంగడిని దండెం మీద ఆరేస్తుంటే ఆ వాసన మళ్లీ ముక్కుకు తగిలింది. తడి ఉన్ని, దాని వెనకే నేత నూలుకు పట్టించే చింతగింజల గంజి. వేరేవాళ్లకు అది గొర్రెల దొడ్డి వాసన. నాకు మాత్రం అది తగలగానే ఒళ్లు మండుతుంది, వేళ్లు వాటంతట అవే లెక్క మొదలుపెడతాయి. పోయినవి నూట నలభై గొంగళ్లు. పదకొండు ఇళ్ల ఆడవాళ్లు ఏడాది పాటు వడికిన ఉన్ని, వాళ్ల మగవాళ్లు గుంట మగ్గాల్లో కూర్చుని నేసిన నేత. అండాలక్క మందలోంచి ఇరవై రెండు గొర్రెలు. ఢిల్లీ ఎగ్జిబిషన్‌లో మేం తెరవాల్సిన దుకాణం. వీటన్నిటికంటే పెద్దది అండాలక్క నోరు. ఊరి ఈ చివర తిడితే ఆ చివర ఉలిక్కిపడే నోరు అది. ఆ తర్వాత మూతపడింది.

అండాలక్క మా గొంగళ్ల సంఘానికి పెద్ద. పుట్టిల్లు శంషాబాద్ పక్కన సాతంరాయి, మెట్టినిల్లు మా పాలమూరు పల్లె. నేను అయిదో తరగతితో బడి మానేసి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. లెక్కంటే వణుకు. సాయంత్రం మంద దొడ్లోకి వెళ్లేటప్పుడు అక్క నన్ను దొడ్డి వాకిలి గవిని పక్కన నిలబెట్టేది. ఒక్కొక్కటిగా కాదు, పుంజీలుగా లెక్కపెట్టాలి. నాలుగు కలిస్తే ఒక పుంజీ, పుంజీకొక వేలి గణుపు. "జీవాల మొకాలు సూడకు పిల్లా, వీపులు సూడు. మొకాలు సూస్తే ముద్దొస్తయి, లెక్క తప్పుతది" అనేది. తూకంలో మోసం చేయబోయిన ఉన్ని బేరగాడితో నేను మొదటిసారి తగువాడి గెలిచిన రోజున నా వీపు మీద ఒకటి చరిచింది. "నోరుండాలె, లెక్కుండాలె. గా రెండుంటే నిన్ను ఎవడూ ముంచలేడు" అంది. ఆ మాట నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. అందుకే ఇంత కోపం.

2012 చలికాలంలో ప్రభాకర్ అనేవాడు మమ్మల్ని ఢిల్లీ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్తానన్నాడు. అంతకుముందు రెండుసార్లు మా దగ్గర సరుకు కొని, డబ్బు అప్పటికప్పుడే ఇచ్చినవాడు. విమానం టికెట్లు కూడా తానే తీస్తానన్నాడు. "ఒక రోజు ముందే రండి అక్కా. పనికి పోయేముందు హాయిగా ఊరు చూడండి" అన్నాడు. సంఘం తరఫున అక్క, నేను గొంగళ్ల మూటలతో శంషాబాద్‌లో వాళ్లింటికి చేరాం. వాడి భార్య జొన్నరొట్టె, మాంసం కూర కొసరి కొసరి వడ్డించింది. మేం చేతులు కడుక్కుంటుండగానే మూటలను విమానాశ్రయానికి చేర్చే వ్యాన్ వచ్చింది. నేను లేచి, మూటలు లెక్కపెట్టి అప్పగించి, చీటీ మీద వాడి సంతకం అడగబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"కూసో. తిన్న చెయ్యి ఇంక తడారలె. తిన్నింటి వాసాలు లెక్కబెడతవానె?"

"వాసాలు కాదక్కా, గొంగళ్లు."

ప్రభాకర్ నవ్వాడు. "పెట్టుకోనియ్యండక్కా. చిన్నమ్మకు నా మీద నమ్మకం లేనట్టుంది."

ఆ ఒక్క మాటకు అక్క ముఖం నల్లబడింది. "దీని నోట్ల మన్నువడ. నువ్వేం మనసుల పెట్టుకోకు తమ్మీ" అంది. వ్యాన్ వెళ్లిపోయింది.

వాడే ఆటో మాట్లాడి, కిరాయి ముందే ఇచ్చి మమ్మల్ని ఊరు చూడటానికి పంపాడు. పహాడీ షరీఫ్ గుట్ట ఎక్కి, దర్గా మెట్ల మీద గాలికి కూర్చున్నాం. తల మీంచి విమానం దిగుతుంటే అక్క కొంగు గట్టిగా పట్టుకుంది.

"గింత పెద్దది గాలి మీద ఎట్ల నిలవడ్తదే?"

ఆటో అతను అన్నాడు, "గాలి మీద కాదవ్వా, పైసల మీద."

"అయితె రేపు మనం కింద పడ్డట్టే" అని అక్క పగలబడి నవ్వింది.

తిరుగుదారిలో బాలాపూర్ మీదుగా వస్తూ, ఇక్కడే వినాయకుడి లడ్డు లక్షలకు పాడుకుంటారని అతను చెప్పాడు. అక్క ఆటో ఆపించినంత పని చేసింది. "ఒక్క లడ్డుకా? మన గొంగడికి వెయ్యంటే ఏడుస్తరు గదనే! రేపు ఢిల్లీల మనం గూడ వేలం పెడదాం పా" అంది. నేనామెను అంత సంతోషంగా ఎన్నడూ చూడలేదు. ప్రభాకర్‌ను నేను క్షమించలేనిది దానికే. సరుకు దొంగిలించేవాళ్లు చాలామంది ఉంటారు. వాడు మా కళ్లను మూటల మీంచి తప్పించడానికి ఒక ముసలామెకు పండగ చేసి చూపించాడు.

ఆ రాత్రికి మమ్మల్ని లాడ్జిలో ఉండమని, పొద్దున విమానాశ్రయం గేటు దగ్గర కలుస్తానని వాడు ఆటో ఎక్కించేటప్పుడే చెప్పాడు. పొద్దున గేటు దగ్గర కాపలా అతను టికెట్లు అడిగాడు. మా దగ్గర లేవు. ప్రభాకర్ ఫోన్ కలవలేదు. వాడింటికి పరుగెత్తాం. తాళం వేసి ఉంది. "నెల కిరాయికి వచ్చిన్రమ్మా, నిన్న పొద్దూకంగనే ఖాళీ జేసిన్రు" అంది ఇంటి యజమానురాలు. ఠాణాలో, ఎన్ని ఇచ్చారు, రాయించుకున్న కాగితం ఏదని అడిగారు. అక్క నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. లెక్క నేర్పిన మనిషే నా చెయ్యి పట్టి లెక్క ఆపింది. ఆ కోపం ఆమె బతికి ఉండగా ఆమెతో చెప్పలేదు, ఆమె పోయాక ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు.

ఊరికి వచ్చిన వారానికే అక్క గొర్రెలు అమ్మి పదకొండు ఇళ్లకూ పంచింది. వద్దన్నా వినలేదు. ఆ తర్వాత సంఘం కూర్చుంటే వచ్చి గోడకు ఆనుకుని వినేది, అంతే. "నువ్వే సూస్కో పిల్లా" అనేది. మరుసటి ఏడాది జ్వరంతో పోయింది.

2014లో ఉన్ని పని మీద వెళ్లినప్పుడు, శంషాబాద్ బస్టాండు ముందు ఛాయ్ బండి దగ్గర వాడు కనిపించాడు. తప్పుకోలేదు. నవ్వుతూ ఎదురొచ్చాడు.

"అరె, చిన్నమ్మా! బాగున్నరా? ముందు ఛాయ్ తాగుండ్రి" అని కప్పు చేతికి అందించాడు.

"నీ ఛాయ్ నాకొద్దు. నూట నలభై గొంగళ్లు తియ్యి."

"జర మెల్లగ మాట్లాడుండ్రి. అందరు సూస్తున్నరు."

"సూడనియ్యి! పదకొండు ఇండ్ల కష్టం తిన్నోన్ని అందరు సూడాలె!"

అంత గొంతు నాకుందని నాకే తెలియదు. బస్సుల కోసం నిలబడ్డవాళ్లు చుట్టూ మూగారు. ఎవరో వాడి చొక్కా పట్టుకున్నారు. వాడు జేబులు దులిపి ఇచ్చినదాన్ని అక్కడే, అందరి ముందూ లెక్కపెట్టాను. పన్నెండు గొంగళ్ల ధర. నేనింకా వేళ్లు మడుస్తుండగానే చొక్కా విడిపించుకుని, కదులుతున్న బస్సు ఎక్కేశాడు.

అండాలక్క నేర్పినవన్నీ ఉంచుకున్నాను, ఒక్కటి తప్ప. ఇప్పుడు ఎవరింటికి సరుకు తీసుకెళ్లినా ముందు లెక్క, తర్వాతే మంచినీళ్లు. మర్యాద తెలియని మనిషినని అనుకునేవాళ్లు అనుకుంటారు. ఆ పన్నెండు పోగా ప్రభాకర్ నేటికీ మాకు ముప్పై రెండు పుంజీలు బాకీ. నూట ఇరవై ఎనిమిది గొంగళ్లు.