ఇంజను హెడ్డుతో సాలూరుకు

మా తమ్ముడు అప్పలరాజు చేపల బండిని రాజాం దాటాక రోడ్డు దించి చెరకు చేలోకి తోలేశాడు. బండికి పెద్ద దెబ్బ తగల్లేదు, వాడి నుదురు మాత్రం చిట్లింది. వాడు ఇల్లు చేరేలోపే "పట్టపగలే తాగి నడిపాడు" అన్న మాట ఊరంతా చేరిపోయింది. మాది కళింగపట్నం పక్కన చేపల వేటకాళ్ళ ఊరు. మేమూ ఇంకో రెండు కుటుంబాలూ కలిసి ఆ చిన్న లగేజీ బండి కొన్నాం. ఐసు పెట్టెల్లో చేపలు సర్ది బొబ్బిలి, సాలూరు వైపు పంపుతాం. నడిపేది వాడే.

"తాగలేదక్కా. తల తిరిగినాది, కళ్ళు మూతలడిపోనాయి, అంతే" అని పిల్లల మీద ఒట్టు వేశాడు. ఒకప్పుడు తాగిన మనిషే, మానేసి చాలాకాలమైంది. నేను వాడి నుదుటికి పట్టీ కట్టాను గానీ ఆ మాట నమ్మలేదు. భాగస్తులు మాత్రం వాణ్ణి తీసేసి ఇంకో డ్రైవరును పెడదామని తేల్చేశారు. బండి తప్ప వాడికి వేరే బతుకు లేదు.

మా ఊరి మెకానిక్కు మా ఆయనకు వరసకు తమ్ముడు. బండి విప్పి, ఇంజను పైభాగం, అదే హెడ్డు, తీసి బయట పెట్టాడు. పొగగొట్టాన్ని హెడ్డుకు పట్టి ఉంచే నాలుగు స్టడ్డు బోల్టుల్లో ఒకటి పిప్పిపన్నులా ఊగుతోంది. దాన్ని బిగించే మర లోపల అరిగిపోయిందట.

"హెడ్డు పోనాది వదినా. కొత్తది ఏయించీండి. పాతది నా కాడ ఒగ్గెయ్" అన్నాడు.

పాతది వాడికెందుకు? అల్యూమినియం తూకానికి అమ్ముకుందామని కాబోలు అనుకున్నాను. సాలూరు లారీల ఊరు, అక్కడ పోయిన మరకు మళ్ళీ మర వేస్తారని సంతలో విని ఉన్నాను. వాడికి చెప్పకుండా హెడ్డును పాత చీరలో చుట్టి, గోనెసంచిలో వేసి, మర్నాడు తొలి బస్సుకు బయలుదేరాను. నలభై ఏళ్ళుగా చేపల తట్ట మోసిన తల నాది. ఆ బరువు నాకు లెక్క కాదు.

శ్రీకాకుళంలో బస్సు దిగి ఆటోలో ఆమదాలవలస స్టేషనుకు వెళ్ళాను. విజయనగరం వైపు పాసింజరు కాస్త ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా తెల్లచొక్కా మనిషి పొందూరు దాటినప్పటి నుంచి సంచి వైపే చూస్తున్నాడు.

"సేపలేటమ్మా? వాసన రాట్లేదే" అన్నాడు.

"సేపలు కావు."

"మరేటి?"

"బండి సామాను."

"ఎవుల బండిది?"

సంచి మూతి ఇంకో చుట్టు బిగించాను. ఇతను దిగే చోట దీన్నీ దింపేస్తాడేమోనని నా భయం. కాసేపటికి అతను పక్కవాడి చెవి దగ్గర "ఈమజ్జిన రైల్లో ఇనుము దొంగలు ఎక్కువైపోనారు, ఆడోల్లు కూడాని" అంటుంటే గాని నాకు అర్థం కాలేదు. అతను నన్నే దొంగ అనుకుంటున్నాడు! గరివిడిలో ఫ్యాక్టరీ మనుషులు కొందరు దిగితే అవతల ఒక సీటు ఖాళీ అయింది. అతను జేబు తడుముకుంటూ అక్కడికి జరిగి కూర్చున్నాడు.

విజయనగరం స్టేషను బయట వేడి ఇడ్లీ తిన్నాను. చట్నీ పలచన, ఇడ్లీ మాత్రం బాగుంది. బస్సు కాంప్లెక్సులో సాలూరు బస్సులకు కొదవ లేదు. సంచిని వెనక డిక్కీలో వేయమని కండక్టరు పట్టుబట్టాడు. నేను వేయలేదు. చివరికి లగేజీ టికెట్టు కొట్టి, నా వైపు చూడకుండా ముందుకు పోయాడు. గజపతినగరం, రామభద్రపురం దాటాక కొండలు దగ్గరయ్యాయి. మధ్యాహ్నం ఎండ పట్టేసరికి సాలూరులో దిగాను.

రోడ్డుకు రెండు పక్కలా లారీలే. ఒకదానికి బాడీ కడుతున్నారు, ఒకదానికి రంగు వేస్తున్నారు. ఒడిశా ఘాటీ ఎక్కబోయే లారీల కింద మనుషులు పడుకుని బిగింపులు చూస్తున్నారు. మొదటి షెడ్డులో "ఒగ్గేసి ఎల్లు, రేపు రా" అన్నారు. సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. రెండో షెడ్డు మిస్త్రీ బొజ్జ మనిషి, పెద్ద గొంతు.

"నాను మరేస్తే బండి తుక్కైపోతాది గానీ ఆ మర పోదు. బోయినం సేసి సాయంత్రం రా" అన్నాడు.

"ఇక్కడే కూకుంటాను."

"ఏటమ్మా, నీ హెడ్డు మేం తినేస్తామేటి?"

"తినరు. మార్చేస్తే?"

అతనికి కోపం వచ్చింది గానీ స్టూలు నా వైపు తోశాడు.

హెడ్డును చెక్కముక్కల మధ్య, పట్టుకారు లాంటి వైసులో బిగించి, ఊగే స్టడ్డును బయటికి లాగాడు. ఆ రంధ్రంలో సూదిలాంటి పుల్ల పెట్టి గీకితే బూడిదరంగు పెళ్ళలు రాలాయి. ఒకటి తీసి గోటితో నొక్కాడు.

"లప్పం! ఇనప లప్పం ఎట్టి స్టడ్డు అంటించేసినాడు ఎవుడో. పొగగొట్టం యేడికి ఇది ఆగుతాదా?"

మా బండి మీద మా ఊరి మెకానిక్కు తప్ప ఇంకెవరూ చెయ్యి వేయలేదు. పోయిన వానలకు ముందు ఆ స్టడ్డు బిగించింది వాడే. పాత హెడ్డు తన దగ్గరే ఉండాలని వాడు ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

స్టూలు మీద నుంచి లేచి హెడ్డు దగ్గరికి వెళ్ళాను. రంధ్రం చుట్టూ మసి. పొగ సందులోంచి తన్నుకొచ్చి, విసనకర్రలా విప్పుకుని పైదాకా నల్లగా పాకింది. మా బండికి ఇంజను డ్రైవరు సీటు కిందే ఉంటుంది.

"ఈ పొగ సీటు కాడికి వస్తాదా?" అన్నాను.

"అద్దాలు దించుకుంటే ఎల్లిపోతాది. మూసుకుంటే నాకేటి తెలుసు? నాను మరేసేవోణ్ణి" అన్నాడు మిస్త్రీ.

షెడ్డు బయటికి వచ్చి తమ్ముడికి ఫోను చేశాను.

"ఆ రోజు కిటికీలు మూసున్నావా?"

"వాన కదక్కా. మూసీసినాను."

"తల ఎప్పుడూ తిరుగుతాదా?"

"ఈమజ్జిన నొప్పి వస్తన్నాది. బొబ్బిలిలో ఒకసారి వాంతి కూడా అయినాది. సెప్తే తాగినాననుకుంటారని సెప్పలేదు."

తాగుడు కాదు, మూసిన బండిలో ఆ పొగే వాణ్ణి పడగొట్టింది. వాడే అన్నాడు, "నువ్వూ అదే అనుకున్నావు కదక్కా."

"అనుకున్నాను" అన్నాను.

లోపల పని సాగింది. రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, కిరసనాయిలు చుక్కలు వేస్తూ, మర తీసే ట్యాపును కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి తిప్పాడు. వెండి తీగల్లా పొట్టు రాలింది. ఆ కొత్త మరలో స్ప్రింగులాంటి ఉక్కుచుట్ట దించాడు. ఇక స్టడ్డు పట్టుకునేది ఆ ఉక్కునే, మెత్తటి అల్యూమినియాన్ని కాదు. మూలమట్టం పెట్టి, స్టడ్డు నిటారుగా ఉందని నాకూ చూపించాడు.

"మిగతా మూడూ?"

"బాగున్నాయి."

"బిగించి సూపించు."

గొణుక్కుంటూ బిగించాడు. రెండు గట్టిగా పట్టాయి. మూడోది పట్టినట్టే పట్టి జారిపోయింది. మిస్త్రీ నా వైపు చూడకుండా ఆ రంధ్రం కూడా గీకడం మొదలుపెట్టాడు. అందులోనూ బూడిదరంగు పెళ్ళలే. పని ముగిశాక ఆ పెళ్ళలు కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చి "ఇంటికి తీసుకెల్లు. నోటి మాటకి ఎవుడూ నమ్మడు" అన్నాడు.

తిరుగు ప్రయాణం బస్సుల్లోనే చేశాను. సాలూరు నుంచి విజయనగరం, అక్కడి నుంచి హైవే మీద శ్రీకాకుళం. రణస్థలం దగ్గర బస్సు ఆగినప్పుడు టీ తాగాను, సంచి ఒళ్ళో పెట్టుకునే. ఇటువంటి పని మీద సాలూరు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మిస్త్రీ ఎంత మంచివాడైనా పని దగ్గరే కూర్చోండి, ప్రతి స్టడ్డూ బిగించి చూపించమనండి. వాళ్ళకు కోపం వస్తుంది, రానివ్వండి. ఆ రోజంతా ఎవరినీ నమ్మక నేను మంచిపనే చేశాను. నమ్మాల్సినవాణ్ణి కూడా ఆ లెక్కలోనే కలిపేశాను, అదొక్కటే నన్ను తినేస్తోంది.

చీకటి పడే వేళకు శ్రీకాకుళంలో దిగాను. అప్పలరాజు ఎవరిదో మోటారుసైకిలు మీద వచ్చి ఉన్నాడు. నుదుటి మీద పట్టీ అలాగే ఉంది. సంచి అందుకున్నాడు.

"రేపు ఆ మెకానిక్కునీ భాగస్తుల్నీ ఒక్కచోట కూకోబెడతాను" అన్నాను. "హెడ్డు బిగించేక తొలి ట్రిప్పుకి నానూ వస్తాను. అద్దాలు మూసుకుని సాలూరు దాకా ఎల్దాం."

వాడు సంచిని ట్యాంకు మీద సర్దుతూ ఆగిపోయాడు.

"నా మీద నమ్మకం లేకేటక్కా?"

"బండి మీద లేక" అన్నాను.

వాడు నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నిజమే చెప్పానా లేదా అని తేల్చుకుంటున్నట్టు చూసి, అప్పుడు కిక్కు కొట్టాడు.