నిమ్మచెక్క కాపాడిన ట్రంపెట్ పరువు

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదనుకునేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు, మస్కట్‌లో వడ్రంగి డ్యూటీ, పైగా ఊళ్లో మా మేనమామ పెళ్ళి బ్యాండులో రెండు సీజన్లు ట్రంపెట్ ఊదిన అనుభవం. (ఊదానంటే, మామ ఊపిరి తీసుకునే సందులో ఏదో పీపీమనిపించాను. మస్కట్‌లో నా రూమ్‌లో ఉండేవాళ్ళకు ఈ ముక్క చెప్పలేదు.) మామ ఒక్క గుక్క ఊదితే, పెళ్ళికొడుకు గుర్రం దిగి మండపందాకా నడిచేలోపు ఆగదని గొప్పలు చెప్పేవాణ్ణి. ఎదురుగా కూర్చుని పుల్లటిది చప్పరిస్తే ఊదేవాడి నోట్లో నీళ్ళూరి స్వరం చెడుతుందని, అందుకే పిల్లలు చింతకాయలతో వస్తే మామ వాళ్ళకు వీపు తిప్పి ఊదేవాడని కూడా చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది.

డెబ్బైల చివర్లో ఓ పెద్ద హోటల్ తోటలో విదేశీ జాజ్ బ్యాండు మూడు సాయంత్రాలు వాయించింది. స్టేజీ కట్టింది మా కంపెనీయే. పలకలు కదిలితే సరిచేయడానికి నన్నూ, నా రూమ్‌లో ఉండే కడప భాయినీ స్టేజీ పక్కనే కూర్చోబెట్టారు. కోట్లు తొడుక్కున్న పదహారుమంది, వాళ్ళ ముందు తెల్లజుట్టు ట్రంపెట్ పెద్దాయన. మొదటి సాయంత్రం ఆయన ఒక స్వరం అందుకుని విడవలేదు. వెనక పదహారుమందీ ఆగిపోయారు, ఆయన ఆగలేదు. నాకు మామ గుర్తొచ్చాడు. రెండో సాయంత్రం ఇంకా పొడుగ్గా ఊదాడు. ఇలాంటి మనిషి నిలబడ్డ పలకలకు మేకులు కొట్టింది నేనే కదా అని ఛాతీ పొంగింది. భాయితో మాత్రం, మా మామ ముందు ఈయనెంత అన్నాను.

మూడో సాయంత్రం ఆ పొడుగు స్వరం మొదలవగానే భాయి జేబులోంచి నిమ్మచెక్కలు తీసి, పెద్దాయనకు ఎదురుగా చప్పరించసాగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆపు భాయ్, ఆయన్ను ఊదనియ్యి" అంటూ లాక్కున్నాను.

"మీ మామ పేరు నిలబెట్టాలని గదరా అబ్బీ" అన్నాడు ఎంతో ప్రేమగా.

సూపర్‌వైజర్ మావైపే చూస్తున్నాడు. దాచే చోటు దొరక్క చెక్కలన్నీ నా నోట్లోనే కుక్కుకున్నాను. సరిగ్గా అప్పుడే పెద్దాయన నన్ను చూశాడు. నా మొహం ఎన్ని వంకర్లు పోయిందో గానీ, ఆయన కళ్ళు నవ్వాయి. గబుక్కున మాకు వీపు తిప్పి స్వరాన్ని చివరిదాకా ఊదేశాడు, అచ్చం మా మామలాగే. (పుల్లటివి పట్టుకొచ్చే పిల్లలు అన్ని దేశాల్లోనూ ఉంటారన్నమాట.)

కచేరీ అయ్యాక తిన్నగా నా దగ్గరకొచ్చాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన ట్రంపెట్ నొక్కీ నొక్కీ కాయకాసిన తన పై పెదవిని చూపించి, నువ్వూ ఊదుతావా అన్నట్టు తల ఎగరేశాడు. నాకు తెలియకుండానే తలూపాను. ట్రంపెట్ నా చేతికిచ్చాడు. రూమ్‌లో కోసిన కోతలన్నిటికీ పరీక్ష అక్కడే, భాయి కళ్ళెదుటే వచ్చిపడింది. ఊదాను. నిమ్మ పులుపుకు నోటినిండా ఇంకా ఊరుతున్న నీళ్ళలోంచి బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. పెద్దాయన పగలబడి నవ్వి నా భుజం తట్టాడు. పదహారుమందీ చప్పట్లు కొట్టారు. నాకోసం.

నిమ్మకాయ తెచ్చి నీ కచేరీ చెడగొట్టానని భాయి దారిపొడుగునా బాధపడ్డాడు. నిజమే, అది లేకపోతే ఆ రోజు మస్కట్ అదిరిపోయేదని ఇప్పటికీ మనవలకు గర్వంగా చెబుతుంటాను. రెండు సీజన్లలో ఒక్క స్వరమూ తిన్నగా పలికించలేని నన్ను ఆ నిమ్మచెక్కే కాపాడిందని మాత్రం, చచ్చినా చెప్పను.