బస్సులో చప్పుడు

ఆ లారీల షెడ్డులో ఓ మెకానిక్ చక్రాన్ని ఒక్కడే ఎత్తేవాడు, అందరికన్నా పచ్చిగా తిట్టేవాడు. పెళ్లి ఊసెత్తితే మాత్రం బండి కిందికి దూరేవాడు. తనకున్నది ప్రియురాలు కాదు, ప్రియుడని తెలిస్తే అక్కడ బతకనివ్వరు. ఓ మధ్యాహ్నం ఆ ప్రియుడే ఖాళీ బస్సు నడుపుకుంటూ వచ్చి, “నడిచేటప్పుడు ఏదో చప్పుడొస్తోంది మేస్త్రీ” అని షెడ్డు పెద్దతో అన్నాడు. మెకానిక్ చేతిలో పానా జారి కాలి మీద పడింది, నొప్పే తెలియలేదు. “ఏంట్రా ఆ చూపు? ఎక్కి విను, పో!” అని మేస్త్రీ కసిరాడు.

షెడ్డు కనుమరుగయ్యాక మెకానిక్ చెవులు రిక్కించాడు. “ఏదీ చప్పుడు?”

“నువ్వు పక్కనున్నావుగా, ఇంకెందుకొస్తుంది?” అన్నాడు డ్రైవరు. పగలబడి నవ్వుకుంటూ ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగారు.

“దొరికిందా?” అనడిగాడు మేస్త్రీ. మెకానిక్ గ్రీజు చేత్తో మూతి తుడుచుకుని, మొహం గంటుపెట్టుకుని చెప్పాడు: “లేదు మేస్త్రీ. రేపు కూడా వినాలి.”